ఆస్తికి వకీలు, మనిషికి పోలీసు
మతిస్థిమితం, కులం, కోర్టులో ప్రాతినిధ్యం: 1858 నుంచి ఒక చరిత్ర

ప్రాతినిధ్యం అన్న మాట దళితులకు కొత్తది కాదు. 1930-32 నడుమ లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో డాక్టర్ అంబేద్కర్ పోట్లాడింది దాని గురించే. అంటరానివాళ్ళ తరపున ఎవరు మాట్లాడాలో అంటరానివాళ్ళే నిర్ణయించుకోవాలన్నది ఆయన వాదన. వాళ్ళ మంచీచెడూ మాకు తెలుసు, మేమే మాట్లాడతాం అన్నది అవతలివాళ్ళ వైఖరి. 1932 పూనా ఒప్పందంతో ఆ తగాదా రాజీకొచ్చింది గానీ ప్రశ్న చావలేదు. ఒక మనిషి తరపున ఇంకొకరు మాట్లాడితే, ఆ మాట నిజంగా ఎవరిది?

ఈ వ్యాసం అదే ప్రశ్నను చట్టసభలోంచి కోర్టు హాల్లోకి తీసుకుపోతుంది. మతి చలించినవాడు, పుట్టుకతో బుద్ధి ఎదగనివాడు, ముసలితనంలో మతిమరుపు కమ్మినవాడు కోర్టు ముందుకొస్తే అతని పక్షాన ఎవరు నిలబడ్డారు? దీనికి మన దేశంలో నూట అరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. డాక్టర్లు ఆ చరిత్రను గొలుసుల నుంచి మందుల దాకా సాగిన ప్రయాణంగా రాసుకున్నారు. న్యాయవాదులు ఏ సెక్షను ఏ సెక్షనుగా మారిందో రాసుకున్నారు. భూమి ఎవరిది, కూలి ఎవరిది అని అడిగే మనం చదివితే ఇంకో గీత కనబడుతుంది. ఆస్తి ఉన్న పిచ్చివాడికి చట్టం మొదటి నుంచీ ఒక మనిషిని తోడిచ్చింది. ఆస్తి లేని పిచ్చివాడికి పోలీసునిచ్చింది. తర్వాత పేర్లు మారాయి, భాష మెరుగైంది. గీత మాత్రం పూర్తిగా చెరగలేదు.

పిచ్చివాడు అన్న మాట ఇందులో వస్తుంది. ఆనాటి చట్టాల్లో ఉన్న ల్యూనటిక్ అన్న పదానికి అదే సరైన తెలుగు. చరిత్ర చెప్పేటప్పుడు ఆనాటి మొరటు మాటను కడిగి చూపిస్తే చరిత్రే తప్పుగా కనబడుతుంది.

1858లో మూడు చట్టాలు

సిపాయీల తిరుగుబాటు అణిగి, కంపెనీ చేతిలోంచి పాలన రాణి చేతికి పోయిన ఏడు 1858. ఆ ఒక్క ఏడే పిచ్చివాళ్ళ గురించి మూడు చట్టాలు చేశారు. 34వ చట్టం మద్రాసు, కలకత్తా, బొంబాయి సుప్రీం కోర్టుల పరిధిలో ఉన్నవాళ్ళకు. 35వ చట్టం జిల్లాల్లో ఉన్నవాళ్ళకు. 36వ చట్టం పిచ్చాసుపత్రులకు.

మొదటి రెండు చట్టాలూ ఆస్తి కోసం. జిల్లాల చట్టం తన పీఠికలోనే పిచ్చివాళ్ళ ఎస్టేట్ల సంరక్షణ కోసం వచ్చానని చెప్పుకుంటుంది. ఈ చట్టాల కింద ఒకణ్ణి పిచ్చివాడని తేల్చాలంటే కోర్టు విచారణ జరగాలి. బంధువులు అర్జీ పెట్టుకోవాలి, నోటీసులు పోవాలి, సాక్షులు రావాలి. తేలిన తర్వాత ఆస్తికి ఒక మేనేజరు, మనిషికి ఒక గార్డియను. మేనేజరు లెక్కలు అప్పజెప్పాలి. అంటే ఆస్తి ఉన్నవాడికి పిచ్చి ఉందని చెప్పడం కూడా అంత తేలిక కాదు. కోర్టు మెట్లెక్కాలి, వకీళ్ళు వాదించుకోవాలి.

మూడో చట్టం తీరు వేరు. తిరుగుతూ కనబడ్డ పిచ్చివాణ్ణి, ప్రమాదకరంగా తోచిన పిచ్చివాణ్ణి పోలీసు పట్టుకొని మేజిస్ట్రేటు దగ్గరికి తేవాలి. ఒక వైద్యాధికారి చూస్తాడు. మేజిస్ట్రేటు ఉత్తర్వు రాస్తాడు. మనిషి ఆసుపత్రికి పోతాడు. మధ్యలో వకీలు అవసరమన్న ఊహే ఈ ప్రక్రియలో లేదు. 1912 ఇండియన్ ల్యూనసీ చట్టం ఈ మూడింటినీ కలిపి కుట్టింది గానీ కుట్టు కనబడుతూనే ఉంది. ఆస్తిపరుల విచారణలకు అధ్యాయాలకు అధ్యాయాలు పెట్టింది. తిరుగుబోతుల గురించి 13వ సెక్షను, మళ్ళీ పోలీసు. ఈ చట్టమే 1993 మార్చి దాకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా నలభై అయిదేళ్ళకు పైగా నడిచింది.

తిరుగుబోతు అంటే ఎవరు?

ఆ చట్టాల్లో తిరగడం అన్న మాట దగ్గర మనం ఆగాలి. జమీందారు కొడుక్కి మతి చలిస్తే వాడు తిరగడు. లోగిలి ఉంది, గది ఉంది, కాపలాకు పాలేరు ఉన్నాడు. ఒంటిగది గుడిసెలో ఉన్నవాడికి మతి చలిస్తే వాడు వీధిలోనే ఉంటాడు. అమ్మా నాయనా కూలికి పోతే చూసే దిక్కుండదు. కాబట్టి తిరుగుబోతు పిచ్చివాడన్నది రోగానికి పెట్టిన పేరు కాదు, ఇల్లు లేకపోవడానికి పెట్టిన పేరు.

తిరగడాన్నే నేరం చేసిన ఇంకో చట్టం కూడా ఆ కాలానిదే. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. మన దగ్గర ఎరుకలవాళ్ళ లాంటి జాతులను స్టూవర్టుపురం, కావలి, సీతానగరం సెటిల్‌మెంట్లలో పెట్టింది దాని కిందే. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించగూడదని 1871 చట్టం స్పష్టంగా రాసుకుంది. కోర్టే అడగగూడని చోట వకీలుకు పనేముంది? ఆ చట్టం 1952లో రద్దయింది. జైలు మాన్యువళ్ళలో సంచార జాతుల మీద ఉన్న ముద్ర మాత్రం మిగిలిపోయింది. కులాన్ని బట్టి ఖైదీలకు పని పంచే నియమాలతో పాటు వాటినీ సుప్రీం కోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న. రద్దయిన చట్టం వాసన జైలు గోడల్లోంచి పోవడానికి డెబ్బయ్యేళ్ళు దాటింది.

తిరుగుబోతుగా దొరికినవాడి కథ ఎవరు రాశారన్నది ఇంకో సంగతి. పిచ్చాసుపత్రికి పంపేటప్పుడు మనిషి వెంట ఒక వివరాల పత్రం పోయేది. పేరు, కులం, వృత్తి, పిచ్చి ఎందుకు పట్టింది అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ వివరాలు చాలావరకు పోలీసుల దగ్గర్నుంచే వచ్చేవి. కారణం తెలియకపోతే గంజాయి అని రాసేవాళ్ళు. ఆ కాగితాలనే ఆసుపత్రి నివేదికల్లో లెక్కలుగా అచ్చేశారు. 1893-94లో గంజాయి మీద వేసిన ప్రభుత్వ కమిషను ఈ లెక్కలను తిరగదోడి, నమ్మదగ్గవి కావని తేల్చింది. కమిషనుకు కావలసింది గంజాయి సంగతి. మనకు కావలసింది ఆ మనుషుల సంగతి. వాళ్ళ జీవితం గురించి సర్కారు దగ్గర మిగిలిన ఒకే ఒక్క కాగితం పోలీసు రాసింది. దాన్ని కాదనడానికి వాళ్ళ పక్షాన ఎవరూ లేరు.

జమీందారు పిచ్చి, జీతగాడి పిచ్చి

మద్రాసు రాజధానిలో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే వ్యవస్థ 1804 రెగ్యులేషను నాటిది. 1902లో దానికి కొత్త చట్టం వచ్చింది. జమీందారు మైనరైనా, మతిస్థిమితం లేనివాడైనా సర్కారే ఎస్టేటును చేతిలోకి తీసుకొని నడిపేది. శిస్తు వసూలయ్యేది, అప్పులు తీరేవి, దావాల్లో ఎస్టేటు తరపున వకీలు హాజరయ్యేవాడు. కోస్తా జమీందారీల చరిత్ర చదివినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. జమీందారుకు మతి ఉన్నా లేకపోయినా ఆ భూమి మీద దున్నేవాళ్ళకు తేడా తెలిసేది కాదు. శిస్తు ఆగేది కాదు, వెట్టి ఆగేది కాదు.

1908 సివిల్ ప్రొసీజర్ కోడులో 32వ ఆర్డరు ఉంది. మైనర్లు దావా వెయ్యాలన్నా, వాళ్ళ మీద దావా పడినా ఏం చెయ్యాలో అందులో ఉంటుంది. వేసేవాడి తరపున నెక్స్ట్ ఫ్రెండ్, ఎదుర్కొనేవాడి తరపున కోర్టు నియమించే గార్డియను ఉండాలి. కోర్టు అనుమతి లేకుండా వాళ్ళు రాజీ కుదుర్చుకోగూడదు. 15వ రూలు ఈ రక్షణలన్నీ మతిస్థిమితం లేనివాళ్ళకూ వర్తిస్తాయంటుంది. కోర్టు విచారించి, ఈ మనిషి తన ప్రయోజనాలు తాను కాపాడుకోలేడని తేల్చుకుంటే చాలు, ముందుగా పిచ్చివాడని ముద్ర పడక్కరలేదు. కాగితం మీద ఇది మంచి రూలు. నేటికీ అమల్లో ఉంది.

కానీ ఈ రూలు పనిచెయ్యాలంటే ముందు ఒక దావా ఉండాలి. దావా ఉండాలంటే ఆస్తి ఉండాలి. జీతగాడికి పోయేది భూమి కాదు, ఒంటి మీద స్వేచ్ఛ. దానికి సివిల్ కోర్టులో నంబరు పడదు. అసైన్డు భూమి పట్టా చేతికొచ్చిన దళిత కుటుంబాలకు ఈ రూలు ఇప్పుడు పనికొస్తుంది. మతిస్థిమితం లేని మనిషి చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 11, 12 సెక్షన్లు చెబుతాయి. వేలిముద్ర వేయించుకున్న కాగితాన్ని ఆ సెక్షన్లతో కోర్టులో ప్రశ్నించవచ్చు. ఈ సంగతి పట్టా ఇచ్చిన నాడు ఆ కుటుంబానికి చెప్పే ఆఫీసు లేదు.

విచారణ ఆగింది, జైలు ఆగలేదు

ఇక క్రిమినల్ కోర్టు. తన డిఫెన్సు తాను చెప్పుకోలేని స్థితిలో ఉన్న ముద్దాయిని విచారించగూడదు, బాగయ్యేదాకా కేసు వాయిదా వెయ్యాలి. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనూ, 1973 కోడు 25వ అధ్యాయంలోనూ, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఇదే సూత్రం. దీని ఉద్దేశం మంచిదే. నోరులేనివాణ్ణి బోనులో నిలబెట్టి శిక్ష వెయ్యగూడదు.

ఇది నడిచే తీరు చూడండి. కోర్టు కేసును వాయిదా వేస్తుంది. మనిషిని ఆసుపత్రికో జైలుకో పంపుతుంది. బాగయ్యాడని డాక్టరు రాయాలి. ఆ కాగితం జైలు సూపరింటెండెంటుకు చేరాలి. ఆయన కోర్టుకు రాయాలి. కోర్టు పాత కట్ట వెతికి కేసును మళ్ళీ తెరవాలి. ఈ గొలుసులో ఏ కొస తెగినా మనిషి లోపలే ఉండిపోతాడు. కొస తెగిందని కోర్టుకు చెప్పాల్సినవాడు వకీలు. వకీలు లేకపోతే నేరం రుజువుగాకుండానే యావజ్జీవం.

1982లో హజారీబాగ్ ఉచిత న్యాయ సహాయ కమిటీ నుంచి సుప్రీం కోర్టుకు ఒక ఉత్తరం పోయింది. దాన్నే రిట్ పిటిషనుగా తీసుకున్నారు. వీణా సేథీ కేసు అంటారు. హజారీబాగ్ సెంట్రల్ జైల్లో పదహారు మంది ఇరవయ్యేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు పడి ఉన్నారు. మతి చలించిందని లోపలికి పోయి, బాగయ్యారని తేలిన తర్వాత కూడా బయటికి రానివాళ్ళున్నారు. ఆ జాబితాలో ఆదివాసీ పేర్లున్నాయి. అంతమందికీ కలిపి ఒక్క వకీలు రాలేదు ఆ ఉత్తరం రాసేదాకా.

1983 నాటి రుదుల్ సా కేసు ఇంకొక రకం. బీహార్‌లో ఒక సెషన్సు కోర్టు 1968 జూన్‌లో ఆయన్ను నిర్దోషి అని వదిలేసింది. జైలు వదిలింది 1982 అక్టోబరులో. పద్నాలుగేళ్ళు ఎందుకు ఉంచారని అడిగితే, విడుదలనాటికి మతి సరిగా లేదని ప్రభుత్వం చెప్పింది. దానికి ఆధారమేమీ చూపలేకపోయింది. పిచ్చి అన్న మాట ఇక్కడ రోగం పేరు కాదు, జైలు అధికారి చేతిలో తాళం చెవి. మొత్తం 35,000 రూపాయల పరిహారం ఇమ్మన్నారు.

అన్నిటికంటే పెద్ద కథ మచల్ లాలుంగ్‌ది. అస్సాంలో తివా తెగ మనిషి. గాయపరిచిన కేసులో 1951లో అరెస్టయ్యాడు. తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. బాగున్నాడని 1967లో డాక్టర్లు రాశారు. ఇంటికి పంపడానికి బదులు గువాహతి జైలుకు మార్చారు. 2005 జులైలో ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద బయటికొచ్చాడు. యాభై నాలుగేళ్ళు. విచారణ మాత్రం జరగలేదు. మూడు లక్షల రూపాయలు, బతికున్నన్నాళ్ళూ నెలకు వెయ్యి రూపాయలు ఇమ్మని సుప్రీం కోర్టు చెప్పింది. 2007లోనే ఆయన చనిపోయాడు.

ఏ నేరం కేసూ లేకుండా, కేవలం పిచ్చివాళ్ళన్న పేరుతో జైల్లో ఉన్నవాళ్ళ సంగతి జర్నలిస్టు షీలా బర్సే సుప్రీం కోర్టుకు తెచ్చింది. నేరం మోపని మానసిక రోగులను జైల్లో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగవిరుద్ధం అని 1993 ఆగస్టు 17న తీర్పొచ్చింది. 1858 నుంచి లెక్కేస్తే నూట ముప్ఫయి అయిదేళ్ళు.

ఈ కేసుల్లో దేన్నీ మామూలు పద్ధతిలో మామూలు వకీలు తేలేదు. ఉత్తరం, జర్నలిస్టు, మానవ హక్కుల సంఘం, పత్రిక వార్త తెచ్చాయి. దొరికినవాళ్ళ కథలే మనకు తెలిశాయి. పేరు ఏ పత్రికకూ ఎక్కనివాళ్ళ కట్టలు రికార్డు గదుల్లో ఉన్నాయి.

1987లో రెండు చట్టాలు

1976లో 42వ సవరణ ఉచిత న్యాయ సహాయాన్ని 39ఎ అధికరణంగా రాజ్యాంగంలో చేర్చింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీం కోర్టు దాన్ని జీవించే హక్కులో భాగమంది. తర్వాత 1987లో రెండు చట్టాలొచ్చాయి. ఒకటి మానసిక ఆరోగ్య చట్టం, 1993 ఏప్రిల్ 1 నుంచి అమలు. రెండోది న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1995 నవంబరు 9 నుంచి అమలు.

మానసిక ఆరోగ్య చట్టంలో ల్యూనటిక్ పోయి మానసిక రోగి వచ్చాడు. కానీ ఆస్తి ఉన్న రోగి గురించి 50 నుంచి 77 దాకా ఇరవై ఎనిమిది సెక్షన్లు. డబ్బులేని రోగికి సర్కారు ఖర్చు మీద వకీలును ఇవ్వడం గురించి ఒకే ఒక్కటి, 91వ సెక్షను. 1858 నాటి గీత 1987లో సెక్షన్ల లెక్కలో కనబడుతుంది. అయినా ఆ ఒక్క సెక్షను చిన్నది కాదు. ఆస్తి లేని మనిషికి కూడా కోర్టులో ఒక గొంతు కావాలని ఈ వరస చట్టాల్లో మొదటిసారి ఒప్పుకున్నది అక్కడే.

న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ఎవరికి ఉచిత వకీలు దొరుకుతాడో చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా దొరుకుతాడు. మానసిక రోగికి, వికలాంగుడికి దొరుకుతాడు. జైల్లో గానీ మానసిక ఆసుపత్రిలో గానీ నిర్బంధంలో ఉన్నవాడికి దొరుకుతాడు. స్త్రీకి దొరుకుతాడు. మానసిక ఆసుపత్రిలో ఉన్న దళిత స్త్రీకి ఈ హక్కు నాలుగు దారుల్లో ఉంది. నాలుగు దారులున్నా గుమ్మం దాకా వకీలు రాడు. ఎందుకంటే అర్జీ పెట్టుకోవాలి. అర్జీ పెట్టుకోగలిగే స్థితిలో లేకపోవడమే ఆమె సమస్య.

వకీలు దొరికితే ఏమవుతుందో 2008లో క్రిమినల్ ప్రొసీజర్ కోడుకు చేసిన సవరణ చూపిస్తుంది. 328వ సెక్షనులో కొత్త నియమం పెట్టారు. ముద్దాయికి మతి సరిగా లేదని తేలితే, మేజిస్ట్రేటు అతన్ని ప్రశ్నించకుండా, అతని న్యాయవాది మాట విని, ప్రాసిక్యూషన్ కాగితాల్లో కేసు నిలబడేట్టు లేకపోతే వాయిదా వెయ్యడానికి బదులు అక్కడికక్కడే వదిలెయ్యాలి. మచల్ లాలుంగ్ లాంటివాడికి ఇది తలుపు తెరిచే నియమం. కానీ తలుపు తెరిచేది న్యాయవాది మాట. ఆ మాట లేకపోతే మళ్ళీ పాత వాయిదానే. బెయిలుకు కూడా సవరణ దారి చూపింది గానీ, బయట వైద్యం చేయిస్తానని బంధువో స్నేహితుడో పూచీ పడాలంది. వలసకూలి బంధువు ఏ ఊళ్ళో ఉన్నాడో వెతికేది ఎవరు? అది కూడా వకీలు పనే.

గార్డియన్ వేరు, వకీలు వేరు

2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక ప్రైవేటు గృహం అంటుకొని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. దర్గా దగ్గర బాగవుతుందని నమ్మి కుటుంబాలు తెచ్చి అప్పగించినవాళ్ళే ఎక్కువ. మన వాడల్లోనూ దర్గాకో, గుడికో, భూతవైద్యుడి దగ్గరికో తీసుకుపోతారు. ఆసుపత్రి దూరం, బస్సు ఖర్చు, ఒకరు వెంట ఉంటే కూలి పోతుంది. ఆ కుటుంబాలకు ప్రేమ లేదని అనలేం. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన రోగి మాట కుటుంబం మాట ఒకటి కావు.

చరిత్రలో చాలాకాలం చట్టం ఇచ్చింది గార్డియనునే. గార్డియను పని మనిషికి ఏది మంచిదో తాను నిర్ణయించడం. వకీలు పని మనిషి ఏం కోరుతున్నాడో కోర్టుకు చెప్పడం. గార్డియను చాలు, వకీలు ఎందుకన్న ఆలోచన, మీ మంచి మాకు తెలుసన్న పాత మాటకు తమ్ముడు.

2009 సుచితా శ్రీవాస్తవ కేసులో ఈ తేడా బయటపడింది. చండీగఢ్‌లో ప్రభుత్వ గృహంలో ఉన్న, బుద్ధిమాంద్యం కొద్దిగా ఉన్న ఒక అనాథ యువతి మీద అక్కడే అత్యాచారం జరిగి గర్భం వచ్చింది. గర్భం తీసేయాలని పాలనా యంత్రాంగం కోరింది, హైకోర్టు ఒప్పుకుంది. ఆమె మాత్రం బిడ్డను కంటానంది. ఆమె సమ్మతి లేకుండా చెయ్యగూడదని సుప్రీం కోర్టు చెప్పింది. ఆమె సంరక్షకులుగా ఉన్నవాళ్ళ మాట ఒకటి, ఆమె మాట ఇంకొకటి. ఆమె మాటను కోర్టుకు మోసినవాళ్ళు లేకపోతే తీర్పు వేరుగా ఉండేది.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2006 ఒడంబడిక 12వ అధికరణం దీన్నే సూత్రంగా పెట్టింది. మనిషికి చట్టపరమైన హోదా తీసెయ్యొద్దు, నిర్ణయం తీసుకోవడానికి తోడుండండి అంది. 2007లో మన దేశం దాన్ని ఆమోదించింది. 2018 మే 29 నుంచి అమలైన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీని ఫలమే. తిరుగుతూ దొరికిన మానసిక రోగిని లాకప్పులో గానీ జైల్లో గానీ ఉంచగూడదంటుంది 100వ సెక్షను. ఉచిత వకీలు హక్కు ఇస్తుంది 27వ సెక్షను. ఆ హక్కుందని చెప్పే బాధ్యత మేజిస్ట్రేటు, పోలీసు అధికారి, ఆసుపత్రి బాధ్యుడి మీద పెడుతుంది. ఆస్తి అధ్యాయం ఈ చట్టంలో లేదు.

14వ సెక్షను కింద మనిషి తన నామినేటెడ్ ప్రతినిధిని తానే రాసిపెట్టుకోవచ్చు. రాసుకోకపోతే బంధువు, తర్వాత చూసుకునేవాళ్ళు, తర్వాత బోర్డు నియమించే తగిన మనిషి. ఎవరూ దొరక్కపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు. ఈ వరస చివరిదాకా జారేది ఎవరో చెప్పనక్కరలేదు. మన పిల్లలకు హాస్టలు సీటిచ్చే శాఖ అధికారే, మనలో దిక్కులేనివాడికి ప్రతినిధి. ఆయన ఒక సంతకం. సంతకం వార్డులోకొచ్చి మంచం పక్కన కూర్చోదు. రోగుల అర్జీలు వినాల్సిన మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డులను నియమించడానికే రాష్ట్రాలు ఏళ్ళు తీసుకున్నాయి.

బాధితురాలి మాట

ఇంతదాకా నిర్బంధంలో ఉన్నవాళ్ళ గురించి చెప్పుకున్నాం. బాధితులుగా కోర్టుకొచ్చేవాళ్ళ సంగతి ఇంకా మరుగున ఉంది. దళిత వాడలో బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్ల ఊరి మగాళ్ళకు సులువైన వేట. ఆమె మాట ఎవరు నమ్ముతారన్న ధైర్యమే వాళ్ళ బలం. చట్టం అంత గుడ్డిది కాదు. 1872 సాక్ష్యాధారాల చట్టం 118వ సెక్షను నాటి నుంచీ ఒకటే సూత్రం: ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగితే మతి చలించినవాళ్ళూ సాక్షులే. కొత్త సాక్ష్య చట్టంలోనూ అది ఉంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. బాధితురాలు చూపులేని దళిత యువతి. వైకల్యం ఉందని సాక్ష్యాన్ని తక్కువ చెయ్యొద్దని, కులం, లింగం, వైకల్యం మూడూ కలిసి పనిచేసే తీరును కోర్టులు చూడాలని చెప్పింది. యావజ్జీవ శిక్ష నిలబడింది. కులం కారణంగానే జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంటూ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. మూడు పీడనలు కలుస్తాయని చెప్పిన తీర్పులోనే కులం రుజువుగాలేదు. ఆ రుజువు కింది కోర్టులోనే కట్టుకురావాలి. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణ తెచ్చిన 15ఎ సెక్షను బాధితులకు ప్రతి దశలో మాట్లాడే హక్కునిచ్చింది. 1995 రూల్సు ప్రకారం, బాధితులు కోరితే మంచి పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకుంది. మాట తడబడే పిల్ల కేసులో ఈ రెండూ మొదటి రోజే అడగాలి.

మన ముందున్న పని

పేదవాడికి న్యాయం అందదన్న మాట దగ్గరే ఆగితే ఈ చరిత్ర మనకు ఉపయోగపడదు. అది మనకు ముందే తెలుసు. ఏ కొస ఎక్కడ తెగుతుందో తెలిస్తే అక్కడ ముడి వెయ్యగలం.

ఒకటి, లెక్క. జైలు గణాంకాల్లో ఖైదీల కులం ఒక పట్టికలో ఉంటుంది, మానసిక రోగుల సంఖ్య ఇంకో పట్టికలో ఉంటుంది. 2011 జనగణనలో 16.6 శాతం ఉన్న షెడ్యూల్డు కులాలవాళ్ళు విచారణ ఖైదీల్లో దాదాపు అయిదింట ఒకరు. ఉరిశిక్ష పడ్డ 88 మందిని పరీక్షించి ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 62 శాతానికి ఏదో ఒక మానసిక రోగం ఉంది. ఈ పట్టికలను కలిపి అడగడం సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పని. విద్యార్థులు జిల్లాకొకరు చెయ్యొచ్చు.

రెండు, వకీలు వార్డుకు పోవడం. మానసిక రోగుల కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ 2015లో ఒక పథకం, 2024లో ఇంకో పథకం తెచ్చింది. జిల్లా న్యాయ సేవల సంస్థ ప్యానెల్ వకీలు ఎర్రగడ్డకో, విశాఖ ఆసుపత్రికో, జిల్లా జైలుకో ఎన్నిసార్లు పోయాడు, ఎవరితో మాట్లాడాడు, ఏ అర్జీ వేశాడు అని అడగాలి. ఆ ప్యానెళ్ళలో మన వాడల నుంచొచ్చిన వకీళ్ళు ఎందరో కూడా అడగాలి. కోయ, గోండి, లంబాడీ మాట్లాడే రోగితో తెలుగులో పది నిమిషాలు మాట్లాడి మతి లేదని తేల్చడం కూడా అన్యాయమే. దుబాసీని కోరే హక్కు వకీలుకుంది.

మూడు, ముందు జాగ్రత్త. మనసు బాగున్న రోజుల్లోనే నామినేటెడ్ ప్రతినిధి పేరు కాగితం మీద రాసి సంతకం చేయించొచ్చు. సంఘాలు పట్టాల గురించి, రేషను కార్డుల గురించి శిబిరాలు పెడతాయి. అదే శిబిరంలో ఈ కాగితమూ పెట్టొచ్చు. సంక్షేమ శాఖ డైరెక్టరు దాకా జారకుండా ఆపేది ఆ ఒక్క కాగితమే.

మీ జిల్లా జైల్లో మతిస్థిమితం లేదని వాయిదా పడ్డ కేసులు ఎన్ని, ఎప్పటి నుంచి, ఒక్కొక్కదానికి వకీలు పేరేమిటి? ఈ మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి. మూడో ప్రశ్నకు జవాబు రాని చోట మన పని ఉంది.